గోదావరి డెల్టాలో దూర పోషకాహార సలహా

డైటీషియన్, సలహా కోరే వ్యక్తి ఒకే గదిలో కూర్చోకుండా ఫోన్, వీడియో కాల్, వాట్సాప్, మొబైల్ యాప్ వంటి సాధనాల ద్వారా సాగించే ఆహార సలహాను దూర పోషకాహార సలహా అంటారు. తింటున్నదేమిటో తెలుసుకోవడం, దాన్ని లెక్కగట్టడం, మార్పులు సూచించడం, ఆ మార్పులు అలవాటుగా కుదురుకునే వరకు పలకరిస్తూ ఉండడం ఇందులో భాగాలు. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం పట్టణాలు, వాటి చుట్టూ ఉన్న పల్లెలతో కూడిన గోదావరి డెల్టాలో ఈ పద్ధతి 2020 తర్వాత బాగా వ్యాపించింది. ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ, కోనసీమ, ఏలూరు జిల్లాల్లోకి సర్దుకుంది.

ఆహారం గురించిన సలహా దూరం నుంచి రావడం డెల్టాకు కొత్త కాదు. నూరేళ్ల కిందట కూనూరు ప్రయోగశాల నుంచి, తర్వాత హైదరాబాదు నుంచి, ఇరవై ఏళ్ల కిందట భీమవరం వైర్‌లెస్ కేంద్రం నుంచి, ఇప్పుడు చేతిలోని ఫోన్ నుంచి అది వస్తూనే ఉంది. సాధనం మారినా చిక్కుముడి మారలేదు. కంచంలో తెల్లన్నం వాటా ఎంత, దాన్ని వండి వడ్డించేది ఎవరు అనే రెండు ప్రశ్నల దగ్గరే ఇక్కడి సలహా నిలుస్తుంది లేదా వీగిపోతుంది.

పరిధి

దూర పోషకాహార సలహా రెండు తీరుల్లో సాగుతుంది. మొదటిది ప్రత్యక్ష సంభాషణ: నిర్ణయించుకున్న వేళకు ఫోన్ లేదా వీడియోలో మాట్లాడుకోవడం. రెండోది వాయిదా సంభాషణ: తినేవారు కంచం ఫొటో, రక్తపరీక్ష రిపోర్టు, బరువు అంకె పంపితే డైటీషియన్ వీలు చూసుకుని జవాబివ్వడం. ఆచరణలో రెండూ కలిసే ఉంటాయి. తొలి సంభాషణ వీడియోలో అరగంటకు పైగా సాగుతుంది, ఆ తర్వాతి వారాలు సందేశాలతో గడుస్తాయి.

దీన్ని మూడు దగ్గరి విషయాల నుంచి వేరుగా చూడాలి. టీవీలో, యూట్యూబ్‌లో అందరికీ ఒకేసారి చెప్పే ఆహార ప్రసంగం సలహా కాదు, ఎందుకంటే వినేవారి వయసు, జబ్బు, మందులు చెప్పేవారికి తెలియవు. కేలరీలు లెక్కించే యాప్ ఒక పనిముట్టు మాత్రమే. దూర వైద్యంలో డాక్టర్ మందు రాస్తారు. డైటీషియన్ మందు రాయరు, ఇన్సులిన్ మోతాదు మార్చరు. ఆహారం మారితే మందు కూడా మారాల్సిన సందర్భాల్లో డాక్టర్‌కు కబురు చేస్తారు.

నేపథ్యం: ఆనకట్ట, మిల్లు, బెరిబెరి

ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847–1852 మధ్య ధవళేశ్వరం దగ్గర కట్టిన ఆనకట్ట డెల్టాను వరి సీమగా మార్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో యంత్రపు మిల్లులు వచ్చి దంపుడు బియ్యాన్ని పక్కకు నెట్టాయి. ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా చోట్ల ఉప్పుడు బియ్యం తినేవారు. గోదావరి, కృష్ణా, విశాఖపట్నం, గంజాం ప్రాంతాలతో కూడిన ఉత్తర సర్కారుల్లో మాత్రం పచ్చి బియ్యమే వాడుక. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పై పొరల్లోని థయమిన్, అంటే బీ1 విటమిన్, గింజ లోపలికి దిగుతుంది. అందుకే ఉప్పుడు బియ్యాన్ని మరపట్టినా ఆ విటమిన్ కొంత మిగులుతుంది. పచ్చి వడ్లను తెల్లగా మరపడితే అది తవుడుతో పోతుంది. ఇంట్లో బియ్యాన్ని పదేపదే కడగడం, గంజి వార్చి పారబోయడం మిగిలిన దాన్ని కూడా తగ్గిస్తాయి. ఆ విటమిన్ లోపం వల్ల వచ్చే బెరిబెరి ఉత్తర సర్కారుల్లో తిష్ఠ వేయడానికి ఇదే ప్రధాన కారణమని తేలింది.

ఈ జబ్బును పరిశోధించడానికి రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక చిన్న విభాగం మొదలుపెట్టారు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1935 నుంచి కూనూరు ప్రయోగశాలను నడిపిన డబ్ల్యూ.ఆర్. అక్రాయిడ్ 1940లో సహచరులతో కలిసి భారతదేశపు బియ్యం సమస్యపై సమగ్ర నివేదిక వెలువరించారు. తక్కువ పాలిష్ బియ్యం తినండి, ఉప్పుడు బియ్యం తినండి అనే సలహా అప్పటికే శాస్త్రపరంగా స్థిరపడింది. రుచికీ రంగుకీ అలవాటుపడ్డ డెల్టా మాత్రం తెల్ల పచ్చి బియ్యాన్ని వదల్లేదు. తర్వాతి కాలంలో బెరిబెరి కనుమరుగైంది గానీ తెల్లన్నం మీద మమకారం అలాగే ఉంది.

పోషకాహార శాస్త్రానికి డెల్టా ఇచ్చిన పెద్ద పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమహేంద్రవరంలో కొంత చదువు చదివిన ఆయన తన సోదరులను స్ప్రూ అనే పేగు జబ్బు వల్ల పోగొట్టుకున్నారు. తిన్నది ఒంటబట్టనివ్వని ఆ జబ్బు ఆయనకూ వచ్చింది. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఈ రోజు గర్భిణులకు ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది.

జబ్బుల తీరు మారడం

లోపం వల్ల వచ్చే జబ్బులు తగ్గి అధికం వల్ల వచ్చే జబ్బులు పెరిగాయని సూచించిన తొలి గ్రామీణ అధ్యయనాల్లో ఒకటి ఈ ప్రాంతంలోనే జరిగింది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం పేరుతో బైర్రాజు ఫౌండేషన్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ తదితర సంస్థలు ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 జనాభాలో 2003–04లో సంభవించిన మరణాలకు కారణాలు నమోదు చేశాయి. గుండె, రక్తనాళాల జబ్బుల వాటా 32 శాతమని 2006లో ప్రచురించాయి. అదే కార్యక్రమంలో భాగంగా 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షిస్తే దాదాపు 13 శాతం మందికి మధుమేహం, ఇంకో 15 శాతం మందికి ఉపవాస గ్లూకోజ్ హద్దు దాటి ఉండడం కనిపించింది. దేశమంతటికీ 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ అధ్యయనం 20 ఏళ్లు దాటినవారిలో మధుమేహం 11.4 శాతం, ముందు దశ 15.3 శాతం అని లెక్క తేల్చింది. వయసుల హద్దులు వేరు కాబట్టి ఈ రెంటినీ నేరుగా పోల్చలేం. అయినా పల్లెలకు షుగర్ రాదన్న నమ్మకం ఇక్కడ ఇరవై ఏళ్ల కిందటే చెదిరిపోయిందని చెప్పవచ్చు.

దూర వైద్యం నుంచి దూర ఆహార సలహా వరకు

2001లో ఏర్పడిన బైర్రాజు ఫౌండేషన్ అశ్విని అనే పథకం కింద భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి పల్లెలను దూరశ్రేణి వైఫై లంకెలతో కలిపింది. ఎత్తైన టవర్ల మీదుగా సాగే ఆ లంకెలతో వీడియో ద్వారా వైద్యం, చదువు, సాగు సలహాలు అందించింది. స్మార్ట్‌ఫోన్ లేని రోజుల్లో ఊరి కేంద్రంలో కూర్చుని పట్టణంలోని డాక్టర్‌తో తెర మీద మాట్లాడటం అప్పటికి కొత్త. 2007లో 104 ఆరోగ్య సమాచార ఫోన్ సేవ మొదలైంది. ఉన్నచోటు నుంచే ఫోన్ చేసి ఆరోగ్యం గురించి అడగడం ఎందరికో దానితోనే అలవాటైంది.

2016 రెండు మలుపులు తెచ్చింది. సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా చౌకైంది. డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ఆంధ్రప్రదేశ్ ఫైబర్ నెట్ ప్రారంభోత్సవం జరిగింది. 2019 నవంబరులో కేంద్రం ఈ-సంజీవని అనే దూర వైద్య వ్యవస్థను మొదలుపెట్టినప్పుడు దాన్ని ముందుగా అమల్లోకి తెచ్చిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి, ఏప్రిల్ 13న రాష్ట్ర ప్రభుత్వం 14410 నంబరుతో టెలిమెడిసిన్ సేవ ప్రారంభించింది. కోవిడ్ లాక్‌డౌన్‌లో ఆస్పత్రికి వెళ్లలేని షుగర్, కిడ్నీ రోగులకు ఫోనే దారి అయింది.

ఈ వ్యవస్థలన్నీ డాక్టర్ చుట్టూ అల్లినవే. ఆహారం గురించిన మాట వాటిలో చివరి అరనిమిషానికి పరిమితం: ఉప్పు తగ్గించండి, అన్నం తగ్గించండి, నడవండి. ఎంత తగ్గించాలి, బదులు ఏం పెట్టుకోవాలి అనే దగ్గర డైటీషియన్ పని మొదలవుతుంది. పెద్ద ఆస్పత్రుల్లోని డైటీషియన్లు ఇంటికి వెళ్లిన రోగులను ఫోన్‌లో అనుసరించడం, స్వతంత్రంగా పనిచేసేవారు నెలవారీ ప్యాకేజీగా సలహా ఇవ్వడం, 2012లో బెంగళూరులో మొదలైన హెల్తీఫైమీ వంటి యాప్ సంస్థలు తమ సలహాదారులను కేటాయించడం ఇప్పుడు కనిపించే మూడు నమూనాలు.

పని తీరు

తొలి సంభాషణకు ముందు ఒక చిన్న ఫారం నింపిస్తారు: వయసు, ఎత్తు, బరువు, నడుము కొలత, వాడుతున్న మందులు, ఇటీవలి రక్తపరీక్షలు. భారతీయులకు శరీర బరువు సూచిక 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని లెక్క. నడుము చుట్టుకొలత పురుషుల్లో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటకూడదు. బరువు యంత్రం లేనివారికి దర్జీ టేపుతో నడుము కొలుచుకోవడం నేర్పిస్తారు. ఏ ఇంట్లోనైనా తేలిగ్గా తీసుకోగల కొలత అదే.

తర్వాత నిన్నటి ఆహారాన్ని గుర్తుచేయించడం. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునే వరకు నోట్లోకి వెళ్లిన ప్రతిదీ అడుగుతారు. గోదావరి జిల్లాల్లో దీనికి వచ్చే మొదటి జవాబు తరచు ఒకటే: "ఏవుందండీ, మామూలేనండి." ఆ మామూలును విప్పడమే డైటీషియన్ నేర్పు. "అన్నం ఎంత తింటారు?" అని అడిగితే "కొంచెమేనండి" అంటారు. "కుక్కర్‌లో ఎన్ని కప్పులు పోస్తారు, ఎంతమంది తింటారు, సాయంత్రానికి ఎంత మిగులుతుంది?" అని అడిగితే అంకె బయటపడుతుంది. టీ ఎన్నిసార్లు, పొలం గట్టు మీద తిన్నదేమిటి, రాత్రి మందు పుచ్చుకుంటారా అనేవి మరో రోజు, మరో విధంగా అడగాల్సిన ప్రశ్నలు. ఇంట్లో అందరూ వినేలా స్పీకర్ పెట్టి మాట్లాడేవారి దగ్గర ఇవి బయటకు రావు. అందుకని కొంత సంభాషణ ఏకాంతంలో జరిగేలా చూసుకుంటారు.

కొలతలను ఇంటి సామాను మీదికి తేవాలి. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. ఒక మనిషి మధ్యాహ్నం ఒక కప్పు, రాత్రి ఒక కప్పు బియ్యపు అన్నం తింటే 300 గ్రాములు అయినట్టే. పొద్దున్న ఇడ్లీ, అట్టులోని బియ్యం దీనికి అదనం. 2024లో ఐసీఎంఆర్–జాతీయ పోషకాహార సంస్థ సవరించి విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 2,000 కిలో కేలరీల రోజువారీ ఆహారంలో ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు ఉండాలి. వండని తెల్ల బియ్యం 100 గ్రాముల్లో దాదాపు 350 కిలో కేలరీలు, 78 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. ఈ అంకెలకు ఆధారం అదే సంస్థ 2017లో ప్రచురించిన, 528 ఆహార పదార్థాల విలువలున్న భారతీయ ఆహార కూర్పు పట్టికలు.

నూనె, ఉప్పు కంచంలో కనపడవు గనుక ఫొటోతో తేలవు. వాటికి సరుకుల చీటీ పనికొస్తుంది. నలుగురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్ల నూనె అయిపోతే మనిషికి రోజుకు 25 మిల్లీలీటర్లు. కిలో ఉప్పు ప్యాకెట్టు నెలలో ఖాళీ అయితే మనిషికి రోజుకు ఎనిమిది గ్రాముల పైచిలుకు. సిఫారసు చేసిన హద్దు అయిదు గ్రాములు. పచ్చళ్లు పెట్టడానికి వాడిన కల్లుప్పు ఈ లెక్కలోకి రాదు.

వండేవారు, తినేవారు

డెల్టా ఇళ్లలో జబ్బు ఒకరిది, ఫోన్ ఇంకొకరిది, గరిటె మరొకరిది. షుగర్ మామగారికి, వంట కోడలిది, డైటీషియన్‌కు డబ్బు కట్టేది డల్లాస్‌లోనో హైదరాబాదులోనో ఉన్న కొడుకు. కొడుకుతో మాట్లాడి రాసిన చార్టు వంటింటి దాకా చేరదు. కోడలితో మాత్రమే మాట్లాడితే "నాకు అన్నం పెట్టడం మానేసింది" అనే నింద ఆమె మీద పడుతుంది. ముగ్గురినీ ఒకే కాల్‌లోకి తీసుకొచ్చి, పెద్దాయన నోటితోనే ఆయన దేనికి ఒప్పుకుంటున్నారో చెప్పించడం దూర సలహాకు ఉన్న ప్రత్యేక సౌలభ్యం. క్లినిక్‌కు ఈ ముగ్గురూ కలిసి రావడం అరుదు. అలాగే రిపోర్టులు ఎవరెవరు చూడవచ్చో రోగినే అడిగి నిర్ణయించుకోవాలి. డబ్బు కట్టినంత మాత్రాన కొడుక్కి ఆ హక్కు రాదు.

మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆచారం వల్ల గర్భిణులు ఏడో నెల తర్వాత ఊరు మారుతారు. అత్తింట్లో రాసిన ఆహార ప్రణాళిక పుట్టింట్లో చెల్లదు. దూర సలహాలో ఆ తెగుదల ఉండదు. కాన్పు తర్వాత బాలింత పథ్యం పేరిట కూరగాయలు, కొన్నిచోట్ల నీళ్లు కూడా తగ్గించడం ఇంకా ఉంది. వెల్లుల్లి కారం, నెయ్యి, పాతబియ్యపు అన్నంతో సాగే ఆ పథ్యాన్ని మొత్తంగా తోసిపుచ్చకుండా, అందులోకి పప్పు, గుడ్డు, ఆకుకూర, సరిపడా నీళ్లు చేర్చేలా అమ్మమ్మతో మాట్లాడటం ఎక్కువ ఫలితమిస్తుంది. ఐరన్ మాత్రను టీ కాఫీలతో కాకుండా నిమ్మరసం వంటి పుల్లని వాటితో వేసుకోమని చెప్పడం చిన్న మాటే గానీ, అలా చేస్తే ఇనుము బాగా ఒంటబడుతుంది.

డెల్టా కంచం

డైటీషియన్‌కు ఎదురయ్యే ప్రశ్నల్లో అన్నానిదే పెద్దపీట. మార్టేరు పరిశోధన స్థానం 1982లో అందించిన స్వర్ణ, బాపట్లలో రూపొందిన సాంబ మసూరి ఈ ప్రాంతపు పొలాలకూ వంటిళ్లకూ పరిచితమైన రకాలు. రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక తక్కువని పేరున్న తెలంగాణ సోనా అనే ఆర్ఎన్ఆర్ 15048 రకాన్ని బజారులో షుగర్ ఫ్రీ బియ్యమని అమ్ముతారు. చక్కెర లేని బియ్యం అంటూ ఏదీ ఉండదు. సూచిక తక్కువైన రకమైనా రెండింతలు తింటే లాభం పోతుంది. రకం మార్చడం కన్నా కంచంలో క్రమం మార్చడం తేలిక: ముందు కూర, పప్పు, తర్వాత అన్నం, మారు వడ్డన లేకుండా.

టిఫిన్లలో పెసరట్టు, మినపరొట్టె మంచి ఎంపికలు. దిబ్బరొట్టెకు చెరకు పానకం తోడైతే లెక్క మారుతుంది. ఎండాకాలపు తరవాణి, చద్దన్నం పల్లెల్లో పెద్దవారికి ఇష్టమైనవి. మజ్జిగ, ఉల్లిపాయతో తినే చద్దన్నాన్ని నిషేధించనక్కర్లేదు, పరిమాణమే ప్రశ్న. తాటిబెల్లం షుగర్ పెంచదన్న నమ్మకం తప్పు. అందులో ఎక్కువ భాగం సుక్రోజే. తేగలు, ముంజెలు కాలానికి తగ్గట్టు కొద్దిగా తినవచ్చు.

చేపల విషయంలో డెల్టా అదృష్టం చేసుకుంది. వరద కాలంలో గోదావరికి ఎదురీదే పులస పేరు గొప్పది, ధర ఇంకా గొప్పది. నెలవారీ ప్రణాళిక దాని మీద ఆధారపడదు. శీలావతి, బొచ్చె, కానాగంతలు, నెత్తళ్లు మాంసకృత్తులకు, ఉపయోగపడే కొవ్వుకు అందుబాటు మార్గాలు. భీమవరం చుట్టుపక్కల రొయ్యలు, అనపర్తి కోళ్ల ఫారాల గుడ్లు కూడా అంతే. ఎండుచేప, ఆవకాయ, మాగాయ రక్తపోటు ఉన్నవారికి ఉప్పు రూపంలో ఎదురొస్తాయి.

కోనసీమకు గర్వకారణమైన కొబ్బరిబొండం, రావులపాలెం మార్కెట్ నిండా కనిపించే అరటిపండు చాలామందికి మేలే. కిడ్నీ జబ్బు ముదిరినవారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి వాటిలోని పొటాషియం గుండె లయను దెబ్బతీసేంత ప్రమాదకరం. చూడవచ్చిన బంధువులు బొండాలు తెచ్చే ఊళ్లలో ఈ ఒక్క హెచ్చరిక ఇంటిల్లిపాదికీ చెప్పాలి.

ఆత్రేయపురం పూతరేకులు 2023లో భౌగోళిక గుర్తింపు పొందాయి. తాపేశ్వరం కాజా పేరు తెలుగువారు ఉన్న చోటల్లా వినపడుతుంది. సంక్రాంతికి అరిసెలు, సున్నుండలు, పోకుండలు ఇంటింటా ఉంటాయి, కొత్త అల్లుడికి నూరు దాటిన వంటకాలతో విందు చేయడం గోదావరి జిల్లాల పరువు ప్రతిష్ఠల్లో భాగం. పండగ వారంలో మిఠాయి పూర్తిగా మానమనే చార్టును ఎవరూ పాటించరు. పూట, పరిమాణం ముందే ఒప్పందం చేసుకుని ఆ పూట అన్నం తగ్గించుకోవడం ఆచరణ సాధ్యం. ఇందుకు విరుద్ధమైన చిక్కు కార్తీక ఉపవాసాలది, 41 రోజుల అయ్యప్ప దీక్షది. రోజుకు ఒక్క పూట భిక్ష చేసే స్వాములు ఇన్సులిన్ గానీ, గ్లూకోజ్‌ను బాగా దించే మాత్రలు గానీ వాడుతుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మాల వేసుకునే ముందే డాక్టర్‌తో మాట్లాడించడం డైటీషియన్ బాధ్యత.

ప్రవాసులు

ఉభయ గోదావరి జిల్లాల నుంచి కువైట్, ఇతర గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లిన స్త్రీలు ఎందరో ఉన్నారు. యజమాని వంటింట్లో దొరికేదే వారి ఆహారం, యజమాని ఇచ్చిన వేళే వారి తీరిక. రాత్రి పొద్దుపోయాక పంపిన వాయిస్ మెసేజ్‌కు మర్నాడు జవాబు దొరకడమే వారికి సరిపడే పద్ధతి. అమెరికాలోని తెలుగువారు ఇంకో కారణంతో ఇక్కడి డైటీషియన్లను వెతుకుతారు: గోంగూర పప్పు, ఉలవచారు అంటే వివరించనక్కర్లేని మనిషి కావాలి. అయితే అక్కడి చాలా రాష్ట్రాల్లో డైటీషియన్ వృత్తికి లైసెన్సు చట్టాలున్నాయి. ఇక్కడ కూర్చుని అక్కడివారి జబ్బుకు వైద్య స్థాయి ఆహార చికిత్స చేయడం ఆ చట్టాల పరిధిలోకి రావచ్చు. అక్కడి అర్హులైన డైటీషియన్ల దూర సలహాకైతే అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ 2006 నుంచే చెల్లింపులు అనుమతించింది.

ఫలితాలపై ఆధారాలు

దీర్ఘకాలిక జబ్బులున్న పెద్దవారిపై 25 నియంత్రిత పరీక్షలను, 7,384 మందిని కలిపి 2016లో ప్రచురించిన సమీక్షలో దూర పద్ధతుల వల్ల ఆహార నాణ్యత మెరుగైందని, పండ్లు కూరగాయల వాడకం పెరిగిందని, ఉప్పు తగ్గిందని తేలింది. ఆగ్నేయ భారతంలో మధుమేహం ముందు దశలో ఉన్న 537 మంది ఉద్యోగ పురుషులపై జరిగి 2013లో ప్రచురితమైన పరీక్షలో, ఫోన్ సందేశాలు అందుకున్నవారిలో రెండేళ్లకు 18 శాతం మందికి, అందుకోనివారిలో 27 శాతం మందికి మధుమేహం వచ్చింది.

పశ్చిమ గోదావరిలోనే 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో స్మార్ట్‌హెల్త్ అనే పరీక్ష జరిగింది. ఆశా కార్యకర్తలు టాబ్లెట్ కంప్యూటర్‌తో గుండె జబ్బు ముప్పు అంచనా వేసి డాక్టర్లకు పంపారు. 2019లో వెలువడిన ఫలితాల్లో రక్తపోటు అదుపు విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ముప్పును కనిపెట్టి చెప్పడం ఒక పని, రోజూ తినేదాన్నీ వేసుకునే మందునూ మార్చడం ఇంకో పని అని ఈ పరీక్ష చూపింది. సందేశాల పరీక్ష నెగ్గిన చోట కూడా అవి రెండేళ్ల పాటు ఆగకుండా సాగాయి. ఒక్కసారి పంపి వదిలేసే చార్టుకు ఈ ఆధారాలు వర్తించవు.

అర్హతలు, చట్టం

2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాలు నమోదైన వైద్యులకు ఉద్దేశించినవి. డైటీషియన్లకు చట్టబద్ధమైన గుర్తింపు 2021 జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టంతో వచ్చింది. డైటీషియన్లు, పోషకాహార నిపుణులు దాని జాబితాలో ఉన్నారు. అంతకుముందు నుంచీ ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష పెట్టి రిజిస్టర్డ్ డైటీషియన్ హోదా ఇస్తోంది. వివిధ విశ్వవిద్యాలయాల్లోని పోషకాహార, గృహవిజ్ఞాన కోర్సులు, జాతీయ పోషకాహార సంస్థలోని ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ ఈ వృత్తికి చదువు మార్గాలు.

ప్రకటనల విషయంలో పాత చట్టమే గట్టిది. 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం మధుమేహం, స్థూలకాయం నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించింది. ఆరోగ్య సలహాలిచ్చే సామాజిక మాధ్యమ ప్రముఖులు తమ అర్హతలు వెల్లడించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 ఆగస్టులో మార్గదర్శకాలిచ్చింది. అదే నెలలో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం రోగి రిపోర్టులు, ఫొటోలు వాడుకోవడానికి అనుమతి కావాలి. బరువు తగ్గిన ముందు–తర్వాత ఫొటోలను అడగకుండా ప్రచారానికి పెట్టడం దీనికి విరుద్ధం.

ప్రచార ఆహార పద్ధతులతో పోటీ

తెలుగునాట దూరం నుంచి ఆహారం మార్పించినవారిలో డైటీషియన్ల కన్నా ముందు గుర్తొచ్చేవి వేరే పేర్లు. ఉప్పు నూనెలు లేని వంటను, పచ్చి కూరగాయలను ప్రచారం చేసిన ప్రకృతి వైద్యుడు మంతెన సత్యనారాయణ రాజు టీవీ ద్వారా ఇంటింటికీ చేరారు. 2017–18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ కొబ్బరినూనె వంటి కొవ్వులను పెంచి పిండిపదార్థాలను దాదాపు మాన్పించే పద్ధతిని సభలు, యూట్యూబ్ ద్వారా వ్యాపింపజేశారు. వైద్యుల నుంచి దానికి గట్టి విమర్శలు వచ్చాయి. తర్వాత ఖాదర్ వలి సిరిధాన్యాల ప్రచారం కొర్రలు, అండుకొర్రలను డెల్టా కిరాణా కొట్లలోకి తెచ్చింది.

ఈ మూడు పద్ధతుల సారం ఒకదానికొకటి పొసగదు గానీ చెప్పే తీరు ఒకటే: సూటి తెలుగు, స్పష్టమైన నిషేధాలు, వెంటనే కనపడే ఫలితాల హామీ. ఒకే నియమం అందరికీ వర్తించినప్పుడు కిడ్నీ రోగి, ఇన్సులిన్ వాడేవారు, గర్భిణి ప్రమాదంలో పడతారు. డైటీషియన్ దగ్గరికి చాలామంది ఇలాంటి పద్ధతి ఒకటి ప్రయత్నించి వదిలేశాకే వస్తారు. ప్రొటీన్ పొడులు అమ్ముతూ కోచ్ అని చెప్పుకునేవారు ఇంకో పోటీ. సలహా ఇచ్చేవారే సరుకు కూడా అమ్మితే ఆ సలహాను అనుమానించాల్సిందే.

పరిమితులు

ఫోన్‌లో కాళ్ల వాపు నొక్కి చూడలేరు, కండ క్షీణతను పట్టి చూడలేరు. తీవ్రమైన పోషణలోపం ఉన్న పిల్లలు, ట్యూబ్ ద్వారా ఆహారం తీసుకునేవారు, తినడం మానేసే మానసిక సమస్యలున్న కౌమారులు, కొత్తగా డయాలసిస్ మొదలైనవారు తొలి పరీక్షకు ఆస్పత్రికి వెళ్లాల్సిందే. వినికిడి తగ్గిన వృద్ధులకు, సొంత ఫోన్ లేని స్త్రీలకు, వలస కూలీలకు ఈ సేవ అందడం కష్టం. లంక గ్రామాల్లో వరద రోజుల్లో దారులతో పాటు కరెంటు, సిగ్నల్ కూడా పోతాయి. ఆ ఊళ్లలో ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్, గ్రామ ఆరోగ్య కేంద్రంలోని సిబ్బందే ఆసరా. దూరంగా ఉన్న డైటీషియన్ వారితో కలిసి పనిచేస్తేనే ఉపయోగం.

ఫీజు మరో అడ్డంకి. బయటి రోగులకు ఇచ్చే ఆహార సలహా మామూలు ఆరోగ్య బీమాలో సాధారణంగా కలవదు. అందువల్ల ఈ సేవ ప్రధానంగా జీతగాళ్లకు, ప్రవాసుల తల్లిదండ్రులకు, పట్టణ మధ్యతరగతికి పరిమితమైంది. 2003–04 అధ్యయనం గుండెజబ్బు మరణాలను లెక్కించిన పల్లెల్లో దీని అవసరం ఎక్కువ, కొనగలిగే శక్తి తక్కువ. ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవల్లో డాక్టర్ పక్కన డైటీషియన్‌కు కూడా కుర్చీ వేయడం, నెలనెలా తిరిగి ఫోన్ చేసే బాధ్యత ఒకరికి అప్పగించడం ఈ ఎడాన్ని తగ్గించే మార్గాలు. కూనూరు శాస్త్రజ్ఞుల సిఫారసు సరైనదే అయినా డెల్టా వంటింట్లోకి వెళ్లలేకపోయింది. ఇప్పటి సలహాకు ఆ వంటింట్లోనే ఫోన్ ఉంది. అక్కడ ఎసరు పెట్టే మనిషితో డైటీషియన్ మాట్లాడుతున్నారా లేదా అన్నదే దాని విలువను తేల్చే కొలమానం.